ఆయాసం ఎక్కడినుంచి వస్తోంది? ఇంట్లోనే కనిపెట్టే పద్ధతి, మొదటినుంచి చివరిదాకా

మా మావయ్యగారు పది రోజులపాటు పడక్కుర్చీలో నిద్రపోయారు. అదే ఇంట్లో ఉన్న నేను, క్యాజువాలిటీలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసిన నర్సుని, మంచం మీద దోమలెక్కువని అక్కడ పడుకుంటున్నారేమో అనుకున్నాను. కనుమ వెళ్ళిన మూడో రోజు, రాత్రి రెండు గంటలకి, బయట కొబ్బరిచెట్లు కూడా కనపడనంత మంచు, ఆయన వీధి అరుగు మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి ముందుకి వంగి ఊపిరి లాగుతున్నారు. అత్తయ్యగారు "నెమ్ము చేసిందమ్మా, మిరియాల కషాయం పెడతా" అన్నారు. బావగారు "అరిసెలు తిన్నారుగా, గ్యాస్ అండీ అది, సోడా తాగితే పోద్ది" అన్నారు. ఏమైంది మావయ్యగారూ అని అడిగితే "ఏం..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "లేదమ్మా" అన్నారు. రెండు మాటలు చెప్పడానికి రెండు ఊపిర్లు. లెక్కపెడితే నిమిషానికి 34. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది.

అది నెమ్మూ కాదు, గ్యాసూ కాదు. గుండె పంపు బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పడుకుంటే ఆ నీరు ఇంకా ఎక్కువవుతుంది కాబట్టే ఆయన పది రోజులుగా కుర్చీలో పడుకుంటున్నారు. అంటే ఆయన ఒళ్ళు పది రోజులుగా చెబుతూనే ఉంది, మేం వినలేదు.

మన గోదావరి జిల్లాల్లో ఆయాసానికి మూడే మూడు పేర్లు: నెమ్ము, గ్యాస్, టెన్షన్. చిన్నపిల్లాడైతే నెమ్ము, పెద్దాయనైతే గ్యాస్, ఆడమనిషైతే టెన్షన్. పేరు పెట్టేశాక ఇంక చూడటం మానేస్తాం, అదీ అసలు ఇబ్బంది. అందుకే పేరు పెట్టకుండా చూడటం ఎలాగో ఇక్కడ వరసగా రాస్తున్నాను. జబ్బు తేల్చడం డాక్టరుగారి పని, కానీ ఇప్పుడు బయల్దేరాలా, పొద్దున దాకా ఆగొచ్చా అన్నది మాత్రం రాత్రి రెండింటికి ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి.

ఇవి కనిపిస్తే ఇక్కడే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి

ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం. పెదాలు, నాలుక నీలంగానో బూడిద రంగులోనో మారడం. ఇంతసేపూ ఆయాసపడి కంగారుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మగతగా, మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడటం. గుండెల్లో బరువుగా ఉండి చల్లటి చెమటలు పట్టడం. దగ్గుతుంటే నురగలాంటి, లేత గులాబీ రంగు కఫం రావడం. ఏదో తిన్నాకో, కందిరీగ కుట్టాకో, ఇంజెక్షన్ చేశాకో ముఖం, పెదాలు, నాలుక వాచి గొంతు బిగుసుకుపోవడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా కారణం ఏమిటని ఇంట్లో చర్చ పెట్టుకోకూడదు.

మగత గురించి ఒక్క మాట. ఆయాసం తగ్గి నిద్రపోతున్నారని ఇంట్లోవాళ్ళు సంతోషించిన సందర్భాలు నేను చాలా చూశాను. ఊపిరి లాగీ లాగీ కండరాలు అలసిపోయి, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయినా మనిషి అలాగే నిద్రలోకి జారుకుంటాడు. నిజంగా తగ్గితే మనిషి తేరుకుని మంచినీళ్ళు అడుగుతాడు, మామూలుగా మాట్లాడతాడు, లేపితే చక్కగా లేస్తాడు.

ముందు నిమిషం పాటు లెక్కపెట్టండి

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోండి. "మీ ఊపిరి లెక్కపెడుతున్నాను" అని మాత్రం చెప్పకండి, చెబితే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని కళ్ళు పొట్ట మీద పెట్టండి. పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు మా నర్సుల్లోనూ ఉంది, బద్ధకంతో వచ్చిన అలవాటు. పూర్తి నిమిషం లెక్కపెట్టండి.

కుదురుగా కూర్చున్న పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. 25 దగ్గరికి వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. 30 దాటితే ఆస్పత్రికే. ఎనిమిదికంటే తగ్గినా ప్రమాదమే, మందు ఎక్కువైనప్పుడో మెదడు దెబ్బతిన్నప్పుడో అలా జరుగుతుంది. బీపీ, షుగర్, జ్వరం అన్నీ చూసుకునే మన ఇళ్ళల్లో ఊపిరి ఎవరూ లెక్కపెట్టరు. పైసా ఖర్చు లేదు, మెషిన్ అక్కర్లేదు. మనిషి దిగజారిపోతున్నాడని అన్నింటికన్నా ముందు చెప్పే గుర్తుల్లో ఇదొకటి.

తర్వాత చొక్కా విప్పించి చూడండి

లైటు వేయండి, చీకట్లో చూస్తే ఏమీ తెలియదు. మెడకింద, రెండు కాలర్ ఎముకల మధ్య ఒక గుంట ఉంటుంది కదా, ఊపిరి పీల్చినప్పుడల్లా అది లోపలికి లాక్కుపోతోందా? పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా? ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? మెడకి రెండు పక్కలా కండరాలు తాళ్ళలా బిగుస్తున్నాయా? మామూలప్పుడు ఊపిరికి ఈ కండరాలతో పనే లేదు. ఇవి కూడా పనిలోకి దిగాయంటే లోపల అసలు యంత్రం మీద బాగా బరువు పడుతోందన్నమాట.

కూర్చున్న తీరు చూడండి. మా మావయ్యగారిలా చేతులు ఆనించి ముందుకి వంగితే ఛాతీ కండరాలకి పట్టు దొరుకుతుంది, అందుకే ఎవరూ నేర్పకపోయినా అందరూ అలాగే కూర్చుంటారు. ఒక పక్క ఛాతీ కదులుతూ రెండో పక్క కదలకుండా ఉందంటే ఆ పక్క ఊపిరితిత్తి చుట్టూ నీరైనా చేరి ఉండాలి, గాలైనా చేరి ఉండాలి. మనిషిని వెనక్కి ఆనించి కూర్చోబెట్టాక కూడా మెడనరం ఉబ్బి దవడ దాకా కనబడుతోందా, కాళ్ళల్లో నీరుందా అన్నదీ చూసుకోండి.

చెవి పెట్టి వినండి

ఒక్క తేడా గుర్తుంటే చాలు. పీల్చేటప్పుడు గరగరమని, కొంకి దగ్గులా కూత వస్తుంటే అడ్డు పైన, గొంతు దగ్గర ఉంది: వాపు, ఇరుక్కున్న వస్తువు, పిల్లల్లో వైరస్ వల్ల వచ్చే గొంతు వాపు. వదిలేటప్పుడు సన్నగా పిల్లికూతలు వస్తుంటే ఇరుకు కింద, గాలిగొట్టాల్లో ఉంది: ఉబ్బసం, పొగ వల్ల చెడిన ఊపిరితిత్తులు, ఒక్కోసారి గుండె నీరు (గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో చేరే నీరు) కూడా. అవును, గుండె నీరు పట్టినా పిల్లికూతలు వస్తాయి. అరవై దాటినవాళ్ళకి జీవితంలో మొదటిసారి "ఉబ్బసం" వచ్చిందని ఎవరైనా అంటే ముందు గుండె సంగతి తేల్చుకోమనేది అందుకే.

ఉబ్బసం మనిషికి పిల్లికూతలు తగ్గి, మనిషి మాత్రం ఇంకా ఎగశ్వాస తీస్తుంటే అది మందు పనిచేసినట్టు కాదు. కూత రావడానికి కూడా గాలి ఆడాలి. ఆ నిశ్శబ్దం వినగానే క్యాజువాలిటీలో మేం పరుగెత్తేవాళ్ళం.

వేలికి పెట్టే మెషిన్ సంగతి

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతముందో చెప్పే ఆక్సీమీటర్ ఇది, కరోనా తర్వాత ప్రతి వీధిలో ఒకటుంది. 95, ఆపైన ఉంటే మామూలు. 92 నుంచి 94 ఉంటే ఆ రోజే చూపించాలి, 92 కంటే తగ్గితే ఆలస్యం లేకుండా బయల్దేరాలి, 90 కంటే తగ్గితే ఎమర్జెన్సీ. చుట్టలు, బీడీలు తాగి ఎప్పటినుంచో ఊపిరితిత్తులు చెడినవాళ్ళకి లెక్క వేరు, 88 నుంచి 92 మధ్యే వాళ్ళకి డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. అలాంటివాళ్ళకి ఇంట్లో సిలిండర్ పెట్టి ఆక్సిజన్ ఎక్కువగా వదిలేస్తే మత్తులోకి వెళ్ళిపోతారు.

చెయ్యి చల్లగా ఉన్నా, గోళ్ళరంగు ఉన్నా, నల్ల మెహందీ పెట్టుకున్నా ఆ అంకెని నమ్మలేం. వేలు రుద్ది వెచ్చబెట్టి, నిమిషం ఆగి, అంకె నిలకడగా ఉన్నప్పుడు చూడండి. చామనఛాయ, నలుపు ఒళ్ళున్నవాళ్ళకి అసలున్న దానికంటే కొంచెం ఎక్కువగా చూపించే గుణం కూడా దానికుంది.

అంతకంటే ముఖ్యం, మెషిన్ 99 చూపిస్తున్నా మనిషి చావుబతుకుల్లో ఉండొచ్చు. బాలింత గదిలో తలుపులూ కిటికీలూ మూసేసి కుంపట్లో నిప్పులు పెడతాం. చెరువు దగ్గర షెడ్డులో జనరేటర్ ఆడుతుంటే అదే గదిలో కాపలా మనిషి పడుకుంటాడు. అక్కడ పుట్టే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటుని ఆక్రమిస్తుంది, మెషిన్‌కి మాత్రం ఆ తేడా తెలియదు, దర్జాగా 98 అంటుంది. తలనొప్పి, వాంతి, తల తిరుగుడు, అదే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి. బయట గాలిలోకి లాక్కురండి, తర్వాత మాట్లాడుకోవచ్చు. రక్తం తక్కువున్నవాళ్ళకీ మెషిన్ మామూలు అంకే చూపిస్తుంది. ఆక్సిజన్ మోసే లారీలన్నీ నిండుగానే వెళుతున్నాయి, కానీ ఉన్నవే నాలుగు లారీలు.

ఎప్పుడు మొదలైంది? అసలు గుట్టు ఇక్కడే ఉంది

నన్నడిగితే పరీక్షలన్నింటికంటే ఈ ఒక్క ప్రశ్నకే సగం జవాబు దొరుకుతుంది. కాకపోతే "ఎప్పటినుంచి?" అంటే మనవాళ్ళు "ఇవాళే అండీ" అంటారు, ఆస్పత్రికి రావాలనిపించింది ఇవాళ కాబట్టి. "పోయిన నెల ఏ పని చేయగలిగారు, ఇప్పుడేది చేయలేకపోతున్నారు?" అని అడగండి.

నిమిషాల్లో వచ్చిన ఆయాసం: తింటూ తింటూ వచ్చిందంటే ఇరుక్కుంది. దగ్గుతూ ఛాతీలో ఒక పక్క సూదిలా పొడిచి వచ్చిందంటే, ముఖ్యంగా పొడుగ్గా సన్నగా ఉన్న కుర్రాడికి, ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి వచ్చి ఉండొచ్చు. తుంటి ఆపరేషనో, కాన్పో, కాలికి కట్టో అయి మంచాన ఉన్నవాళ్ళకి ఒక పిక్క మాత్రమే వాచి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమో అనుకోవాలి. గుండెపోటూ ఇలాగే వస్తుంది, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ, పెద్దవయసువాళ్ళకీ ఛాతీనొప్పి లేకుండా ఒక్క ఆయాసమే రావచ్చు. గ్యాస్ అని గోళీసోడా తాగి తేన్పు కోసం ఎదురుచూస్తూ గంటలు పోగొట్టుకునేది వీళ్ళే. గ్యాస్ అయితే నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గడం, చెమటలు పట్టడం, ఎడమచెయ్యో దవడో లాగడం ఉండవు. ఈసీజీ తీయించుకుని గ్యాసేనని తేలితే సంతోషం, సోడా అప్పుడు తాగుదురుగాని.

గంటల్లో పెరిగింది: ఉబ్బసం, గుండె నీరు, నెమ్ము (డాక్టర్లు నిమోనియా అనేది), విషాలు. నెమ్ముకి జ్వరం, చలి, పచ్చగానో తుప్పురంగులోనో కఫం, గట్టిగా పీల్చితే పక్కలో పోటు ఉంటాయి. ముసలివాళ్ళకి మాత్రం జ్వరం లేకుండా ఒట్టి తికమకతోనే నెమ్ము రావచ్చు.

రోజుల్లో, వారాల్లో పెరిగింది: గుండె బలహీనత, ఊపిరితిత్తి చుట్టూ నీరు (మన దగ్గర కుర్రవాళ్ళకైతే ముందు టీబీ అనుమానించాలి), కిడ్నీలు చెడి నీరు పట్టడం, రక్తం తగ్గడం. కాన్పు దగ్గరపడినప్పుడో, అయిన నెలల్లోనో ఆయాసం, కాళ్ళవాపు వస్తే "బాలింతకి మామూలే" అనకండి, అప్పుడే గుండె కండరం దెబ్బతినే జబ్బు ఒకటుంది. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైన అమ్మాయికి ఆ సంగతి మొదటిసారి బయటపడేది కూడా కడుపుతో ఉన్నప్పుడే.

నెలలు, ఏళ్ళు: చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి. లంక పొగాకు చుట్టలు కాల్చిన తాతలకి సంగతి తెలుసు, జీవితంలో ఒక్క చుట్ట తాగని అమ్మమ్మకి అదే జబ్బెందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. నలభై ఏళ్ళు ఊకపొయ్యి ముందు కూర్చుని ఊదింది కదా, అదీ పొగే.

ఏటిగట్టు పరీక్ష

మన డెల్టా అంతా పళ్ళెంలా ఉంటుంది. మెరక లేదు, కొండ లేదు, వీధి చివరికైనా బండి మీదే వెళతాం. అందుకే మన దగ్గర నడిస్తే వచ్చే ఆయాసం చాలా ఆలస్యంగా బయటపడుతుంది, బయటపడేది కూడా ఏటిగట్టు ఎక్కేటప్పుడో, గుడి మెట్ల మీదో, రెండో అంతస్తు పెళ్ళిహాల్లోనో. కాబట్టి గట్టునే కొలబద్దగా పెట్టుకోండి. గట్టు గబగబా ఎక్కితేనే రొప్పు వస్తే అది వయసుకి తగ్గదే కావచ్చు. చదునుగా ఉన్న రోడ్డు మీద సాటివాళ్ళతో నడవలేక వెనకబడుతుంటే చూపించుకోవాలి. వంద గజాలకోసారి ఆగుతున్నా, స్నానం చేసి పంచె కట్టుకునేలోపే ఆయాసం వస్తున్నా ఇప్పటికే ఆలస్యమైంది.

పడుకున్నప్పుడు ఏమవుతుందో కూడా అడగండి. ఒక దిండు రెండయ్యిందా, రెండు మూడయ్యాయా, చివరికి పడక్కుర్చీ అయ్యిందా? పడుకున్న గంటా రెండు గంటలకి ఉలిక్కిపడి లేచి, కిటికీ దగ్గరికో అరుగు మీదికో వెళ్ళి, కూర్చుంటే పావుగంటకో అరగంటకో సర్దుకుంటోందా? అది దాదాపుగా గుండెదే. తెల్లవారుజామున మూడు నాలుగింటికి దగ్గు, పిల్లికూతలతో లేస్తే ఎక్కువగా ఉబ్బసం.

పండగ తర్వాత ఇలాంటి కేసులు ఎక్కువగా వచ్చేవి. ఆవకాయ, ఎండుచేపల ఇగురు, వడియాలు, బంధువుల సందట్లో మరిచిపోయిన నీటిమాత్ర (ఒంట్లో నీటిని మూత్రంలో పంపేసే మాత్ర), అన్నీ కలిసి ఒంట్లో ఉప్పునీ, నీటినీ పట్టి ఉంచుతాయి. గుండెజబ్బు మనిషి మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరే.

మన నేల మీద ప్రత్యేకంగా అడగాల్సినవి

ఏం పని చేస్తారు? మండపేట వైపు రైసుమిల్లు దుమ్ము, అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరిపీచు పొట్టు, దాళ్వా (రబీ వరి) కోతల్లో మిషన్ వెనక లేచే ధూళి, కోతలయ్యాక తగలబెట్టే గడ్డి పొగ. సెలవు రోజున హాయిగా ఉండి పనిలోకి వెళ్ళిన రోజు దగ్గు, ఆయాసం వస్తున్నాయంటే ఆ పనే కారణం. వానకి తడిసి బూజుపట్టిన గడ్డిమేటు విప్పిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకి చలిజ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గి, మళ్ళీ గడ్డి లాగినప్పుడల్లా వస్తుంటే అది ఊపిరితిత్తులకి బూజు పడకపోవడం, అంటే అలర్జీ లాంటిది. దాన్ని ప్రతిసారీ నెమ్మనుకుని యాంటీబయాటిక్ వేసుకుంటూ పోతారు.

బోదకాలు మన జిల్లాల్లో పాత చుట్టం. దాని పురుగు మీద ఒళ్ళు అతిగా తిరగబడితే కాలు వాయకుండానే రాత్రిళ్ళు ఆగని పొడిదగ్గు, పిల్లికూతలు, బరువు తగ్గడం మొదలవుతాయి. అచ్చం ఉబ్బసంలాగే ఉంటుంది. మామూలు రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ అనే కణాలు 3000 దాటి ఉంటే డాక్టరుగారు దీన్ని ఆలోచిస్తారు. బోదకాలుకి ఇచ్చే డీఈసీ మందే మూడు వారాలు వాడతారు, చాలామందికి గుణం కనబడుతుంది. ఉబ్బసం మందులకి లొంగని రాత్రిదగ్గు ఉంటే ఈ ముక్క మీరే గుర్తుచేయండి, తప్పేం లేదు.

పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి నోట్లో చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, గుండెల్లో గుళగుళమనే తడి శబ్దం ఉంటే బట్టలు విప్పేసి సబ్బునీళ్ళతో ఒళ్ళు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఆ బట్టలు మీరు ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. తాగేశాడని తెలిస్తే ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కట్లపాము వ్యవహారం ఇంకో రకం. నేల మీద పడుకున్న మనిషిని రాత్రి కాటేస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. ఇక్కడ ఊపిరి వేగంగా ఉండదు, లోతు తగ్గిపోతుంది, మెషిన్ చివరి దాకా బాగానే చూపిస్తుంది. చిన్న పరీక్ష: చెడుగుడు కూత పెట్టినట్టు, గట్టిగా ఊపిరి పీల్చి ఒకే గుక్కలో అంకెలు లెక్కపెట్టమనండి. మామూలు మనిషి ముప్పై దాకా సులువుగా వెళతాడు. పదిహేనుకే ఆగిపోతే, ముందు లెక్కించినదానికంటే తగ్గుతూ వస్తుంటే, ఊపిరి కండరాలు చచ్చుబడుతున్నాయి. వెంటిలేటర్ ఉన్నచోటికే నేరుగా తీసుకెళ్ళాలి, మంత్రం వేసే మనిషి ఇంటికి కాదు.

వరద తీశాక బురదపొలంలో దిగి, వారం పది రోజులకి జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళెర్రన, ఆపైన దగ్గులో రక్తం, ఆయాసం వస్తే ఎలుకల మూత్రంతో వచ్చే జ్వరం కావచ్చు. పొలంలో నీళ్ళలో పనిచేశానని డాక్టరుకి చెప్పాలి, చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది. రొయ్యలు వలిచే షెడ్లలో పనిచేసేవాళ్ళకి రొయ్యే పడకుండా పోవచ్చు. ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైతే ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని గాలికి ఎదురుగానో అడ్డంగానో బయటికి పరుగెత్తాలి. వాడని పాతనూతిలో దిగినవాడు పడిపోతే వాడి వెనకే దిగకండి, రెండోవాడూ మూడోవాడూ పోయేది అలాగే.

టెన్షన్ అని ఎప్పుడు అనొచ్చు

అన్నీ చూశాక, చివర్లో. కంగారు వల్ల కూడా ఊపిరి ఆడనట్టు ఉంటుంది, నిజమే: పెద్ద పెద్ద నిట్టూర్పులు, వేళ్ళు, మూతి చుట్టూ తిమ్మిర్లు, గుండె దడ, ఇరవై ముప్పై నిమిషాల్లో దానంతటదే తగ్గడం.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. ఇంటర్ పరీక్షల ముందు ఊపిరి గబగబా తీస్తోందని ఒకచోట చూపిస్తే పరీక్షల టెన్షనని నిద్రమాత్ర రాసి పంపేశారు. మా దగ్గరికి తెచ్చేసరికి మనిషి సగం మత్తులో ఉంది. దగ్గు లేదు, పిల్లికూత లేదు, వేలి మెషిన్ 99. కానీ ఊపిరి లోతుగా, ఆగకుండా, పరుగెత్తి వచ్చినట్టు ఉంది, దగ్గరికెళితే నోట్లోంచి కుళ్ళిన పండు వాసన. రెండు వారాలుగా తెగ దాహం, రాత్రి నాలుగుసార్లు లేవడం, బట్టలు వదులవడం, అడిగితే వాళ్ళమ్మ ఒక్కొక్కటీ చెప్పింది. షుగర్ చూస్తే మెషిన్ అంకె చూపించకుండా "హై" అంది. రక్తంలో ఆమ్లం పెరిగిపోతే దాన్ని బయటికి పంపడానికి ఒళ్ళు ఊపిరి వేగం పెంచుతుంది, ఊపిరితిత్తుల తప్పేమీ లేదు. కిడ్నీలు చెడినా, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకినా ఇలాగే ఉంటుంది. ఒక చుక్క రక్తంతో తేలిపోయేదానికి నిద్రమాత్ర రాశారు.

కాగితం సంచీలోకి ఊపిరి వదిలించే పద్ధతి మీరెక్కడైనా చూసి ఉంటే మర్చిపోండి, అసలు కారణం గుండో ఊపిరితిత్తో అయితే అది మనిషిని చంపేస్తుంది.

పిల్లలైతే

పిల్లాడు ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు, చొక్కా ఎత్తి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, ఈ అంకెలు తాకినా దాటినా వేగం ఎక్కువైనట్టే. దానికి తోడు డొక్కలు ఎగరేస్తుంటే, అంటే పీల్చేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. పాలు పట్టలేకపోవడం, మూలుగుతూ ఊపిరి వదలడం, లేపినా లేవకపోవడం ఉంటే రాత్రి వెళ్ళాలా పొద్దున వెళ్ళాలా అన్న ఆలోచనే వద్దు. ఆముదం పొట్టకి రాయడం, వాము కాపడం వీటితో నెమ్ము తగ్గదు, డొక్క మీద వాతలు పెట్టడమైతే పాపం.

శనగగింజ, వేరుశనగ, చింతగింజ నోట్లో వేసుకుని ఆడుతున్న పిల్లాడు ఒక్కసారిగా పొలమారి దగ్గితే, కాసేపటికి సర్దుకున్నట్టు కనిపించినా చూపించండి, గింజ లోపల ఒక పక్క గొట్టంలోకి జారి ఉండొచ్చు. దగ్గలేక, శబ్దం రాక, ముఖం నల్లబడుతుంటే ముందుకి వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదు దెబ్బలు. రాకపోతే ఏడాది దాటిన పిల్లలకి వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో లోపలికి, పైకి అయిదుసార్లు నొక్కాలి. ఏడాది లోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి. బయటికొచ్చే దాకా ఇవే మార్చి మార్చి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలుపెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది.

బండి వచ్చేలోపు

కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. బల్ల మీద దిండు వేసి దాని మీద చేతులు ఆనించనివ్వండి, కాళ్ళు కిందికి వేలాడనివ్వండి. పంచె ముడి, జాకెట్టు హుక్కులు వదులు చేయండి, ముఖానికి ఫ్యాను పెట్టండి, చుట్టూ మూగిన ఇరుగుపొరుగుని దయచేసి బయటికి పంపండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల బిళ్ళ ఆర్పేయండి. నోటితో నీళ్ళు, కషాయం పోస్తే పొలమారుతుంది.

ఉబ్బసం మనిషైతే వెంటనే గొట్టాలు విప్పే ఇన్హేలర్ (సాల్బుటమాల్) స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బా) పెట్టి ఒక్కో పఫ్ విడివిడిగా, ఒక్కోదానికి నాలుగైదు ఊపిర్లు, అలా నాలుగు పఫ్‌లు ఇవ్వండి. నాలుగైదు నిమిషాలు చూసి తగ్గకపోతే ఇంకో నాలుగు. అయినా అలాగే ఉంటే ఆస్పత్రికి, దారిలోనూ ఇస్తూనే ఉండండి. ఇన్హేలర్ అలవాటైపోతుందని భయపడి మాత్రలు, ఇంజెక్షన్లు అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో నేరుగా గొట్టాలకి వెళుతుంది, మాత్ర ఒళ్ళంతా తిరిగి వెళుతుంది.

మగతగా ఉన్న మనిషిని బైక్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి, మెడ వాలితే ఊపిరిదారే మూసుకుపోతుంది. సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం వెళ్ళాల్సినవాళ్ళూ, లంకల్లో ఉన్నవాళ్ళూ ఒక లెక్క వేసుకోవాలి: పట్నంవాళ్ళు గంట ఆగి చూద్దాం అనుకోగలిగిన చోట మీకు ఆ గంట లేదు. ఆగస్టులో ఏరు పోటు మీదున్నప్పుడు ఇంట్లో గుండెజబ్బు మనిషో, నెలలు నిండిన పిల్లో, ఉబ్బసం ఉన్నవాళ్ళో ఉంటే నీళ్ళు రోడ్డెక్కకముందే ఈ ఒడ్డుకి తెచ్చేయండి, పడవ కోసం చీకట్లో కేకలు వేసే పరిస్థితి రాకుండా.

డాక్టరు ముందు కూర్చున్నాక

ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి: ఎప్పుడు మొదలైంది, నిమిషానికి ఎన్ని ఊపిర్లు, మెషిన్ అంకె, పడుకుంటే ఎక్కువవుతోందా, కాళ్ళవాపు, జ్వరం, పనేమిటి, పొగ, వాడే మందులు, ఈమధ్య మానేసినవి. ఆఖరిది సిగ్గుపడకుండా రాయండి. మా మావయ్యగారు బీపీ మాత్ర మానేసి నెలైందని మాకు ఆస్పత్రిలోనే తెలిసింది.

పరీక్షల్లో ఈసీజీ గుండెపోటు కోసం, ఎక్స్‌రే నెమ్ము, నీరు, గాలి కోసం, ఎకో గుండె ఎంత బలంగా కొడుతోందో, కవాటాలెలా ఉన్నాయో చూడటానికి, హిమోగ్లోబిన్ రక్తం కోసం (7 కంటే తగ్గితే బాగా తక్కువని), షుగర్, క్రియాటినిన్ ఇందాక చెప్పిన ఆమ్లం గొడవ కోసం, ఊది చూసే స్పైరోమెట్రీ ఉబ్బసమో పొగజబ్బో తేల్చడానికి. మొదటిసారి వచ్చిన ఆయాసానికి ఈసీజీ కూడా తీయకుండా ఇంజెక్షన్ చేసి పంపేస్తుంటే "ఈసీజీ ఒకటి తీయండి డాక్టరుగారూ" అని అడగండి. కోప్పడితే కోప్పడనివ్వండి.

మావయ్యగారు ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీకి ముందు, బాత్రూంకి వెళ్ళొచ్చాక, కాటా మీద నిలబడి అంకె గట్టిగా అరుస్తారు, వంటింట్లోంచి అత్తయ్యగారు క్యాలెండర్ మీద రాస్తారు. రెండు దిండ్లు దాటితే నాకు ఫోన్ చేయాలని ఒప్పందం. పడక్కుర్చీని అటక మీద పెట్టించాను, దించమని అడిగితే నాకు వెంటనే తెలుస్తుందని.